పిల్లల కోసం చేయించుకున్న పరీక్షల్లో పుట్టుకతో వచ్చిన తేడా బయటపడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు కలగడం లేదని వెళ్లిన మగవాళ్లలో కొందరికి వీర్య పరీక్షతో మొదలైన వ్యవహారం జన్యు పరీక్షల దాకా వెళ్తుంది. అక్కడ తేలేది కొన్నిసార్లు పుట్టుకతో వచ్చిన తేడా. క్రోమోజోమ్‌లలోనో, వృషణాలు తయారైన తీరులోనో, హార్మోన్లు పనిచేసే విధానంలోనో ఉంటుంది. వైద్యులు వీటన్నింటినీ కలిపి డీఎస్‌డీ (లైంగిక వికాసంలో తేడాలు) అంటారు. రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చి, రాత్రంతా ఫోన్‌లో వెతుక్కునేవాళ్ల కోసం ఈ పేజీ. దీన్ని చదివి మందులు మొదలుపెట్టకండి, వాడుతున్నవి ఆపకండి. డాక్టర్‌ను ఏం అడగాలో తెలుసుకుని వెళ్లడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

సూటిగా చెప్పండి. నేను మగవాడిని కాదనా దీని అర్థం?

కాదు. మగవాడిగా పెరిగి, మగవాడిగా బతుకుతున్న మనిషిని ఒక రక్తపరీక్ష మార్చేయదు. రిపోర్టు రాకముందు మీరెవరో, వచ్చాకా మీరే. సంతానం కలగడానికి కావలసినవి వేరు, దాంపత్య జీవితానికి కావలసినవి వేరు. వీర్యకణాలు ఒక్కటి కూడా లేని చాలామందికి అంగస్తంభన, కోరిక, స్ఖలనం అన్నీ మామూలుగానే ఉంటాయి. వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్, వీర్యకోశాల నుంచి వచ్చే ద్రవమే కాబట్టి, కణాలు లేవన్న సంగతి చూస్తే తెలియదు.

ఎవరో కొద్దిమంది మాత్రం ‘నాకు మొదటినుంచీ లోపల వేరేలా అనిపించేది’ అంటారు. అలాంటివాళ్లకు ఈ విషయంలో అనుభవమున్న మానసిక నిపుణులతో తీరిగ్గా మాట్లాడే అవకాశం ఉండాలి. అలా అనిపించని వాళ్లను పట్టుకుని ‘నీకు అలా అనిపించడం లేదా’ అని తవ్వడం మాత్రం అనవసరం.

ఇంకో మాట. పాత రిపోర్టుల్లో, పాత పుస్తకాల్లో ఈ పరిస్థితులకు మనసు నొచ్చుకునే పేర్లు కనిపిస్తాయి. 2006లో నిపుణులు కూర్చుని ఆ పేర్లను పక్కన పెట్టాలని నిర్ణయించారు. మీ కాగితంలో ఇంకా అవే కనబడితే, తప్పు మీది కాదు, రాసినవాళ్లది.

కడుపులో ఉన్నప్పుడు అసలు ఏం జరుగుతుంది?

ఇది కాస్త ఓపికగా చదవండి. మిగతా జవాబులన్నీ దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

గర్భంలో మొదటి ఆరు వారాలదాకా ఆడపిల్లకూ మగపిల్లవాడికీ లోపలి అవయవాల్లో తేడా ఉండదు. బీజగ్రంథులు వృషణాలూ కాగలవు, అండాశయాలూ కాగలవు. గర్భాశయంగా మారగల నాళాలూ, వీర్యనాళంగా మారగల నాళాలూ రెండూ ప్రతి పిండంలోనూ ఉంటాయి. ఆ తర్వాత వై క్రోమోజోమ్ మీదున్న ఎస్ఆర్‌వై అనే జన్యువు పనిచేస్తే బీజగ్రంథులు వృషణాలుగా మారడం మొదలవుతుంది. ఈ జన్యువును 1990లో గుర్తించారు.

వృషణం ఏర్పడగానే దానిలో రెండు రకాల కణాలు రెండు పనులు అందుకుంటాయి. సెర్టోలి కణాలు ఏఎంహెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. దాని పని గర్భాశయం కాబోయే నాళాలను కరిగించేయడం. లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. అది వీర్యనాళాలను నిలబెడుతుంది. అదే టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం ఒక ఎంజైమ్ సాయంతో డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన హార్మోన్‌గా మారి పురుషాంగాన్ని, వృషణాల సంచిని రూపుదిద్దుతుంది. ఈ హార్మోన్లు వచ్చినా, వాటిని అందుకునే రిసెప్టర్ కూడా సరిగ్గా ఉండాలి.

ఎస్ఆర్‌వై, ఏఎంహెచ్, టెస్టోస్టెరాన్, డీహెచ్‌టీ, రిసెప్టర్. వీటిలో ఏది తప్పినా ఒక్కో రకం పరిస్థితి వస్తుంది. బాగా తప్పితే కొన్నిసార్లు పుట్టగానే, కొన్నిసార్లు యుక్తవయసులో తెలుస్తుంది. కొద్దిగా తప్పితే పిల్లల కోసం ప్రయత్నించేదాకా తెలియకపోవచ్చు.

మరి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు కనబడలేదు?

బయటి అవయవాలు మామూలుగా ఉంటే ఎవరూ వెతకరు. గడ్డం పలచగా వస్తే ఇంట్లో అందరికీ అంతేలే అనుకుంటారు. ఎత్తుగా, సన్నగా ఉంటే అదృష్టమంటారు. చిన్నప్పుడు హెర్నియాకో, కిందికి దిగని వృషణానికో ఆపరేషన్ జరిగినా దాని వెనుక కారణం చూడరు. కాగితాలు ఎక్కడో పోతాయి. వృషణాలు చిన్నవిగా ఉన్నాయని మగవాడికి తనంతట తెలియదు, పక్కవాడితో పోల్చుకునే విషయం కాదు కదా.

దీనికి కారణం వైద్యంలోనూ ఉంది. జ్వరానికీ, దగ్గుకూ వెళ్లిన యువకుడికి వృషణాలు పరీక్షించే డాక్టర్లు అరుదు. సంతానం కోసం వెళ్లినప్పుడు కూడా భర్త దగ్గర వీర్యం డబ్బా తీసుకుని, పరీక్షలన్నీ భార్యకే రాసే పద్ధతి ఇంకా పోలేదు.

ఎవరికి ఏ పరీక్షలు చేయాలి?

మొదట వీర్య పరీక్ష. రెండుసార్లు, కొద్ది వారాల తేడాతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస హద్దు, వీర్యం పరిమాణానికి 1.4 మిల్లీలీటర్లు. ఒక్క కణమూ కనబడకపోతే ఆ స్థితిని అజూస్పెర్మియా అంటారు. అలా రాసే ముందు నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చూశారా అని అడగండి. ఒక్కోసారి కొద్ది కణాలు అక్కడ దొరుకుతాయి.

ఆ తర్వాత చేత్తో చేసే పరీక్ష. వృషణాల పరిమాణం కొలవడానికి రకరకాల సైజుల గుండ్లు దారానికి గుచ్చిన ఆర్కిడోమీటర్ ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక్కో వృషణం సుమారు 15 నుంచి 25 మిల్లీలీటర్లు ఉంటుంది. వీర్యనాళం తగులుతోందా, మూత్రరంధ్రం చివరనే ఉందా, రొమ్ములు పెరిగాయా, పాత ఆపరేషన్ మచ్చలున్నాయా అన్నవి చూడాలి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా పెద్ద పరీక్షలు రాసే డాక్టర్ దగ్గర నాకు నమ్మకం కుదరదు.

రక్తంలో ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ చూస్తారు. టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం ఉదయాన్నే ఇవ్వాలి, మధ్యాహ్నానికి ఆ హార్మోన్ తగ్గిపోతుంది. కణాలు అసలు లేకపోయినా, బాగా తక్కువగా ఉన్నా క్రోమోజోమ్‌ల పరీక్ష, అంటే కేరియోటైప్, తప్పకుండా చేయించాలి. కొన్ని మార్గదర్శకాలు మిల్లీలీటరుకు కోటి కంటే తక్కువ ఉంటే అంటాయి, కొన్ని 50 లక్షల కంటే తక్కువ అంటాయి. దాంతోపాటు వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు పోయాయేమో చూసే పరీక్ష కూడా రాస్తారు. కేరియోటైప్‌కు రక్తకణాలను ల్యాబ్‌లో పెంచాలి కాబట్టి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ఆలస్యమైందంటే ఏదో పెద్ద సమస్య ఉందని టెన్షన్ పడొద్దు.

అజూస్పెర్మియా ఉన్న మగవాళ్లలో సుమారు 10 నుంచి 15 శాతం మందిలో క్రోమోజోమ్‌ల తేడా కనిపిస్తుంది. తక్కువ సంఖ్య కాదిది. అందుకే నా అభిప్రాయం ఒకటే: కణాలు లేని మనిషికి వెరికోసీల్ (వృషణాల దగ్గర ఉబ్బిన రక్తనాళాలు) ఆపరేషన్, నెలల తరబడి మాత్రలు, ఖరీదైన టానిక్‌లు, ఇవన్నీ కేరియోటైప్ తర్వాతే. ముందు కాదు.

హార్మోన్ల రిపోర్టులో ఏం చూసుకోవాలి?

ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞలు. అవి బాగా ఎక్కువగా ఉండి టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటే వృషణాలే సరిగ్గా పనిచేయడం లేదని. అవి తక్కువగా ఉండి టెస్టోస్టెరాన్ కూడా తక్కువైతే లోపం పైనుంచి వచ్చే ఆజ్ఞలో ఉంది. ఈ రెండో రకానికి హార్మోన్ ఇంజెక్షన్లతో కణాలు పుట్టించే అవకాశం బాగుంటుంది. ఎల్‌హెచ్ ఎక్కువగానే ఉండి, టెస్టోస్టెరాన్ కూడా ఎక్కువగానో మామూలుగానో ఉంటే శరీరం ఆ హార్మోన్‌ను అందుకోవడం లేదేమో అని అనుమానించాలి. చాలామంది డాక్టర్లు ‘టెస్టోస్టెరాన్ బాగుంది, సమస్య లేదు’ అని ఈ మూడో రకాన్ని వదిలేస్తారు.

47,ఎక్స్‌ఎక్స్‌వై అని వచ్చింది. ఏమిటిది?

క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. ఈ పేజీ చదివేవాళ్లలో ఎక్కువమంది దీనికోసమే వచ్చి ఉంటారు. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. అమెరికాలో హ్యారీ క్లైన్‌ఫెల్టర్, ఆయన సహచరులు 1942లో ఈ లక్షణాలను వర్ణించారు. కారణం ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువగా ఉండటమని 1959లో తెలిసింది. అదనపు ఎక్స్ దాదాపు సగంమందిలో తల్లి అండం నుంచి, మిగతావారిలో తండ్రి వీర్యకణం నుంచి వస్తుంది. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు జరిగే పంపకంలో పొరపాటు అది. ఎవరూ తిన్నదాని వల్లా, చేసినదాని వల్లా రాదు, వంశపారంపర్యం కూడా కాదు.

గుర్తించినవాళ్లు తక్కువ. ఈ తేడా ఉన్న మగవాళ్లలో పావువంతు మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో రోగనిర్ధారణ జరుగుతుందని అంచనా. మిగతావాళ్లకు తెలియకుండానే జీవితం గడిచిపోతుంది.

అందరిలోనూ కనిపించే గుర్తు ఒక్కటే: చిన్నగా, గట్టిగా ఉండే వృషణాలు, తరచూ 5 మిల్లీలీటర్ల లోపు. యుక్తవయసు మొదలయ్యాక వీర్యకణాలు పుట్టే సన్నని గొట్టాలు క్రమంగా గట్టిపడిపోతాయి. మిగతా లక్షణాలు ఒకరికి ఉంటాయి, ఒకరికి ఉండవు. పొడవైన కాళ్లు, పలచని గడ్డం, యుక్తవయసులో రొమ్ములు కొద్దిగా పెరగడం, చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా రావడం, చదవడంలో ఇబ్బంది, త్వరగా అలసిపోవడం. సినిమా పోస్టర్‌లా కనిపించే కండలవీరుడికి ఉండవచ్చు, పక్కింటి లెక్కల మాస్టారికి ఉండవచ్చు. బొమ్మ చూసి పోల్చుకోవద్దు.

పదిమందిలో ఒకరికి పైగా మొజాయిక్ రకం ఉంటుంది. అంటే శరీరంలోని కొన్ని కణాల్లో మామూలు మగవాళ్లలో ఉండే 46,ఎక్స్‌వై, కొన్నింటిలో 47,ఎక్స్‌ఎక్స్‌వై. వీరిలో లక్షణాలు తేలికగా ఉండి, కొద్దిగా వీర్యకణాలు కనిపించే అవకాశం ఎక్కువ.

పిల్లల సంగతి తర్వాత. ఆరోగ్యం మాటేమిటి?

ఇక్కడే చాలామంది మోసపోతారు. సంతానం కోసం వచ్చి, ఇక కాదంటే రిపోర్టు మడిచి పెట్టేస్తారు. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లకు ఎముకలు పలచబడటం, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు, కొన్ని ఆటోఇమ్యూన్ జబ్బులు మామూలు మగవాళ్లకంటే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ ప్రమాదం తక్కిన మగవాళ్లకంటే ఎక్కువే, అయినా సంఖ్యాపరంగా చూస్తే అరుదే. రొమ్ములో గడ్డ కనబడితే సిగ్గుపడి దాచుకోకండి.

హార్మోన్ల నిపుణుడిని, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌ను, సంవత్సరానికొకసారి కలవాలి. టెస్టోస్టెరాన్, షుగర్, హిమోగ్లోబిన్, ఎముకల సాంద్రత స్కాన్ ఆయన చూసుకుంటారు.

వీర్యంలో కణాలు లేవన్నారు. ఇక నాకు పుట్టరా?

1990ల దాకా ఇదే చెప్పేవాళ్లు. రెండు విషయాలు మారాయి. ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతిలో 1992లో మొదటి పిల్లలు పుట్టిన కబురు వెలువడింది. 1999లో మైక్రో టీసే అనే ఆపరేషన్ గురించి రాశారు. వృషణాన్ని తెరిచి, ఆపరేషన్ మైక్రోస్కోప్ కింద గొట్టాలను చూస్తారు. ఎండిపోయినట్టున్న వాటి మధ్య ఎక్కడైనా కాస్త లావుగా, తెల్లగా ఉన్న గొట్టం కనిపిస్తే దానిలో కణాలుండవచ్చు. గట్టిపడిన పొలంలో అక్కడక్కడ పచ్చగా మిగిలిన మడిలాంటిదన్నమాట.

క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లలో ఈ ఆపరేషన్‌లో కణాలు దొరికేది సుమారు 40 నుంచి 50 శాతం మందికి. దొరకడం ఒకటి, ఇక్సీలో గర్భం నిలవడం ఇంకొకటి. రెండూ కలిపి లెక్కేసుకోవాలి. దొరకదేమో అన్న సగం సంభావ్యతకు మనసు సిద్ధపడి వెళ్లండి. దాత వీర్యం, దత్తత అనే దారులు ముందుగానే మాట్లాడుకున్న జంట, ఆపరేషన్ గదిలోంచి వచ్చే జవాబును తట్టుకుంటుంది.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. చాలామందిలో తిరిగి పెరుగుతుంది, కొందరిలో పెరగదు. అలాంటప్పుడు జీవితాంతం హార్మోన్ చికిత్స అవసరం పడొచ్చు. ఈ మాట ఆపరేషన్ ముందే చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి. అలవాటున్న సర్జన్ చేతిలో చేయించుకోవడం ముఖ్యం. ఎన్నిసార్లు చేశారని అడగడం అవమానం కాదు.

నీరసంగా ఉందని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ రాశారు. వేసుకోవచ్చా?

పిల్లలు కావాలనుకుంటే ఆగండి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తే పిట్యూటరీ తన ఆజ్ఞలు తగ్గించేస్తుంది, వృషణంలో మిగిలిన ఆ కాస్త కణాల తయారీ కూడా ఆగిపోతుంది. మగతనం పెంచే మందు పిల్లలకు అడ్డం పడటం వింతగా అనిపిస్తుంది కానీ నిజం. జిమ్‌లలో అమ్మే స్టెరాయిడ్ల సంగతీ ఇంతే.

కణాలు తీయించుకోవాలా వద్దా అన్నది తేల్చుకున్నాకే టెస్టోస్టెరాన్. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు కంగారుపడి తమంతట తాము ఆపేయకుండా, డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. మరోవైపు, పిల్లల ప్రయత్నం పూర్తయ్యాక కూడా ‘హార్మోన్ ఎందుకులే’ అని మానేయడం తప్పు. ఎముకలకూ, కండరాలకూ, మనసుకూ అది అవసరం.

46,ఎక్స్‌ఎక్స్ అని వచ్చింది. ల్యాబ్ వాళ్లు శాంపిల్ తారుమారు చేశారా?

46,ఎక్స్‌ఎక్స్ మామూలుగా ఆడవాళ్లలో ఉండేది కాబట్టి మొదట ఆ అనుమానం డాక్టర్‌కూ వస్తుంది, అందుకే పరీక్ష మళ్లీ చేయిస్తారు. మళ్లీ అదే వస్తే నిజమే. దాదాపు 20,000 మంది మగవాళ్లలో ఒకరికి రెండు ఎక్స్‌లే ఉంటాయి. 1964లో ఫిన్లాండ్ వైద్యుడు డి లా షాపెల్ ఇలాంటి వ్యక్తిని వర్ణించాడు. ఎక్కువమందిలో జరిగేది ఇది: తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడు వై మీదున్న ఎస్ఆర్‌వై జన్యువు తెగి ఎక్స్ మీదికి చేరుతుంది. ఆ ఒక్క జన్యువు చాలు, వృషణాలు ఏర్పడతాయి, శరీరం మగవాడిగా పెరుగుతుంది. ఎత్తు మాత్రం సగటు మగవాళ్లకంటే తక్కువ ఉంటుంది.

చెడు వార్త ఒకటుంది, దాన్ని మెత్తగా చుట్టి చెప్పి లాభం లేదు. వీర్యకణాల తయారీకి కావలసిన ఏజెడ్‌ఎఫ్ భాగాలు వై క్రోమోజోమ్ మీదే ఉంటాయి. వై లేదు కాబట్టి అవీ లేవు. మైక్రో టీసే చేసినా కణాలు దొరకవు. ఆ ఆపరేషన్ చేస్తామని ఎవరైనా అంటే ఇంకో అభిప్రాయం తీసుకోండి. హార్మోన్ చికిత్స, ఎముకల పరీక్ష మాత్రం క్లైన్‌ఫెల్టర్‌లో లాగానే కావాలి. ఎస్ఆర్‌వై కూడా లేని కొద్దిమందిలో వేరే జన్యువుల మార్పు ఉంటుంది, వాళ్లలో మూత్రరంధ్రం కింది వైపుకు ఉండటం ఎక్కువ.

హెర్నియా ఆపరేషన్‌లో నాకు గర్భాశయం ఉందన్నారు. ఇది సాధ్యమా?

సాధ్యమే. పైన చెప్పిన ఏఎంహెచ్ హార్మోన్ రాకపోయినా, దాన్ని అందుకునే రిసెప్టర్ పనిచేయకపోయినా, గర్భాశయం కావలసిన నాళాలు కరగవు. వృషణాలు, పురుషాంగం, టెస్టోస్టెరాన్ అన్నీ మగవాళ్లవే, 46,ఎక్స్‌వైనే. లోపల మాత్రం చిన్న గర్భాశయం, ఫాలోపియన్ నాళాలు మిగిలిపోతాయి. రక్తంలో ఏఎంహెచ్ కొలిస్తే ఏ రకమో తెలుస్తుంది. హార్మోన్ లోపమైతే తక్కువగా ఉంటుంది, రిసెప్టర్ లోపమైతే ఉండాల్సినంత ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక్కో లోపమున్న జన్యువు వస్తేనే ఇది కలుగుతుంది.

ఈ గర్భాశయమే వృషణాలను లాగిపట్టి కిందికి దిగనీయకుండా చేస్తుంది. చాలాకాలం పొట్టలో వేడిలో ఉన్న వృషణం కణాలు తయారుచేయలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఆడ అవయవం ఎందుకు, తీసేద్దాం’ అని హడావుడిగా కోస్తే, దాని గోడకు అతుక్కునే వెళ్లే వీర్యనాళం తెగిపోతుంది. ఆపరేషన్ మధ్యలో అనుకోకుండా కనబడితే, ఫోటోలు తీసి, వివరాలు రాసి, ఆపి, నిపుణులతో మాట్లాడాక రెండోసారి వెళ్లడమే మేలు.

హార్మోన్ ఎక్కువే ఉంది, అయినా కణాలు తక్కువ, రొమ్ములు పెరిగాయి. ఎందుకు?

ఆండ్రోజెన్ రిసెప్టర్ బలహీనంగా ఉండవచ్చు. ఈ జన్యువు ఎక్స్ మీద ఉంటుంది కాబట్టి ఎక్కువగా తల్లి నుంచి వస్తుంది. పూర్తి రకంలో ఎక్స్‌వై ఉన్నా శరీరం స్త్రీలా పెరుగుతుంది, ఆమెకు నెలసరి రాదు. పాక్షిక రకంలో పుట్టినప్పుడే తేడా తెలుస్తుంది. తేలిక రకం మాత్రమే మగవాడి సంతాన పరీక్షల్లో బయటపడుతుంది. జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు.

దీనికి దగ్గరి బంధువు లాంటిది 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ ఉండదు. ప్రోస్టేట్ చిన్నగా ఉంటుంది, వీర్యం తక్కువగా, చిక్కగా వస్తుంది. కొందరిలో వృషణాల్లో కణాలుంటాయి, బయటికి రావడమే కష్టం. ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం), ఇక్సీ ద్వారా తండ్రులైనవాళ్లు ఉన్నారు.

రెండు వృషణాలూ తగలడం లేదని, అడ్రినల్ పరీక్ష రాశారు. సంబంధమేమిటి?

కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపిస్తే, ఆ గ్రంథి మగ హార్మోన్లను కుమ్మరిస్తుంది. 46,ఎక్స్‌ఎక్స్ బిడ్డలో అది బాగా ఎక్కువైతే బయటి అవయవాలు పూర్తిగా మగపిల్లవాడిలా కనిపించి, ‘వృషణాలు దిగలేదు’ అని రాసి పెంచేస్తారు. లోపల అండాశయాలు, గర్భాశయం ఉంటాయి. అలా పెరిగిన వ్యక్తి పెద్దయ్యాక సంతాన పరీక్షలకు రావచ్చు. సంచిలో ఏ వైపునా వృషణం తగలని మగవాడికి ఈ పరీక్ష చేయకపోవడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. ఎందుకంటే వీరిలో ఒంటికి ఒత్తిడిని తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్ కూడా తక్కువగా ఉండి, పెద్ద జ్వరమో, ఆపరేషనో వచ్చినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అనే రక్తపరీక్షతో అనుమానం తేలుతుంది. ఎవరిగా బతకాలన్నది ఆ వ్యక్తే తీర్మానించుకోవాలి, డాక్టరో కుటుంబమో కాదు.

ఇదే లోపం ఉన్న 46,ఎక్స్‌వై మగవాళ్లలో వేరే చిక్కు. వృషణాల్లో అడ్రినల్ కణజాలపు గడ్డలు పెరిగి వీర్యకణాల దారిని నొక్కేస్తాయి. స్కాన్‌లో చూసి క్యాన్సర్ అనుకుని వృషణం తీసేసిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ మోతాదు సరిచేస్తే కొందరిలో ఆ గడ్డలు తగ్గి కణాలు తిరిగి కనిపిస్తాయి.

45,ఎక్స్/46,ఎక్స్‌వై అంటే?

శరీరంలోని కొన్ని కణాల్లో వై లేదు. బయటికి పూర్తిగా మామూలు మగవాడిగానే ఉండవచ్చు, తరచూ పొట్టిగా ఉంటారు. రక్తంలో కనిపించిన నిష్పత్తి వృషణంలోనూ అదే ఉంటుందని లేదు. గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం, కిడ్నీలు ఒకసారి స్కాన్ చేయించాలి.

క్యాన్సర్ వస్తుందా?

అందరికీ ఒకే సమాధానం లేదు. కిందికి దిగిన వృషణాలున్న క్లైన్‌ఫెల్టర్ వ్యక్తికి వృషణ క్యాన్సర్ భయం ప్రత్యేకంగా అక్కర్లేదు. పొట్టలోనే ఉండిపోయిన వృషణం, సరిగ్గా ఏర్పడని బీజగ్రంథి ఉండి వై క్రోమోజోమ్ భాగం కూడా ఉన్న మొజాయిక్ రకం, వీటిలో ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు దించి కుట్టడమా, తీసేయడమా అన్నది వయసు, స్థానం, బయాప్సీ చూసి నిర్ణయిస్తారు. వృషణం సంచిలో ఉన్నవాళ్లు నెలకొకసారి స్నానం చేసేటప్పుడు చేత్తో తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. గట్టి గడ్డ తగిలితే మర్నాడే చూపించుకోండి.

భార్యకు చెప్పాలా?

చట్టప్రకారం డాక్టర్ మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. చెప్పడం మీ చేతిలోనే ఉంది. అయినా చెప్పమనే అంటాను. మీరు మౌనంగా ఉంటే తనలోనే లోపముందనుకుని ఆవిడ ఇంజెక్షన్లు, స్కాన్‌లు, మాటలు భరిస్తూ ఉంటుంది. ఇక్సీ అయినా, దాత వీర్యం అయినా ఇద్దరి సంతకం కావాలి. ఒంటరిగా చెప్పలేకపోతే డాక్టర్ గదిలో, ఆయన సాయంతో చెప్పండి. అత్తమామలకు, బంధువులకు వివరాలు చెప్పాల్సిన పనిలేదు, ‘నా వైపు సమస్య ఉంది, చికిత్స తీసుకుంటున్నాం’ అంటే చాలు.

మీ అమ్మగారిని మాత్రం ఒక విషయం అడగండి: చిన్నప్పుడు నాకేమైనా ఆపరేషన్లు చేశారా అని. ఆ జవాబులో సగం రోగనిర్ధారణ ఉంటుంది.

పుట్టే పిల్లలకు ఇదే వస్తుందా?

క్లైన్‌ఫెల్టర్ తండ్రుల ద్వారా ఇక్సీతో పుట్టిన పిల్లల్లో అత్యధికులకు క్రోమోజోమ్‌లు మామూలుగానే ఉన్నాయి. కావాలనుకుంటే పిండాన్ని గర్భంలో పెట్టేముందే పరీక్షించుకోవచ్చు. దానికీ ఖర్చు, పరిమితులు ఉంటాయి, తప్పనిసరి కాదు.

ఆండ్రోజెన్ రిసెప్టర్ లోపం ఉన్న తండ్రి నుంచి కొడుకులకు రాదు, ఎందుకంటే కొడుక్కి తండ్రి ఇచ్చేది వై. కూతుళ్లందరికీ మాత్రం ఆ ఎక్స్ వెళ్తుంది, వాళ్లు క్యారియర్లు (లోపం బయటపడకుండా జన్యువును మోసేవాళ్లు) అవుతారు. వై క్రోమోజోమ్ ముక్క పోయిన వాళ్లకు దీనికి తలకిందులు: కొడుకు పుడితే అతడికీ అదే లోపం వస్తుంది.

ఇంట్లో మిగతావాళ్లూ పరీక్ష చేయించుకోవాలా?

47,ఎక్స్‌ఎక్స్‌వై అయితే అవసరం లేదు. జన్యు లోపం తేలిన రకాల్లో మాత్రం అవసరమే. ఏఎంహెచ్ లోపం, 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం, అడ్రినల్ ఎంజైమ్ లోపం ఉన్నచోట తోబుట్టువుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రిసెప్టర్ లోపం అయితే అమ్మ వైపు బంధువులను గుర్తుచేసుకోండి. ఎప్పుడూ నెలసరి రాని పిన్ని, పెద్దమ్మ, పిల్లలు కలగని మేనమామ, మూత్రరంధ్రం సరిచేయించుకున్న పిల్లవాడు ఎవరైనా ఉన్నారా? అక్కచెల్లెళ్లు క్యారియర్లు కావచ్చు, గర్భం ప్లాన్ చేసుకునేముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను కలిస్తే సరిపోతుంది. ముందు మీ జన్యు మార్పు ఏదో రిపోర్టులో స్పష్టంగా ఉండాలి. అది లేకుండా వాళ్లకు పరీక్ష రాయించినా ఏం వెతకాలో ల్యాబ్‌కు తెలియదు.